చంకలో బిడ్డ ఉన్న మనిషికి ఎన్ని చేతులు?

విమానాలు నడిపే సంస్థలకు, విమానాశ్రయాలు చూసుకునే పెద్దలకు, మళ్ళీ మహమ్మారి వస్తే ఏం చేయాలో నియమాలు రాసే అధికారులకు,

నమస్కారం.

2021 మే నెలలో ఏడు నెలల పాపను చంకనేసుకుని టెక్సాస్ నుంచి ఖమ్మం వచ్చాను. ఒక్కదాన్నే. ఈ లేఖ అప్పుడే రాయాల్సింది. వచ్చిన కొత్తలో ఓపిక లేదు. తర్వాత కోపం తగ్గింది. ఆ తర్వాత మర్చిపోయాననే అనుకున్నాను. ఈమధ్య మా పాప బొమ్మల పుస్తకంలో విమానానికి రంగులేస్తూ "అమ్మా, చిన్నప్పుడు నేను ఇందులో ఎక్కడ కూర్చున్నా?" అని అడిగింది. నీకు సీటు లేదమ్మా అన్నాను. "మరి టికెట్ కొనలేదా?" అంది. కొన్నాం. టికెట్ ఉంది, సీటు లేదు. బడికెళ్ళే పిల్లకి ఇది అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు. మీకైతే అర్థమవుతుందని రాస్తున్నాను.

ఇందులో ఏ సంస్థ పేరూ ఉండదు. నాకు "కుదరదు మేడమ్" అని చెప్పిన ప్రతి మనిషీ చేతిలో ఉన్న కాగితం చూసే చెప్పారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురైతే చెప్పలేక చెప్పారు. నా గొడవ ఆ కాగితంతోనే.

ముందు ఒక్కదాన్నే ఎందుకు బయల్దేరానో చెప్పాలి. "ఇంత చంటిపిల్లతో, ఇలాంటి టైములో, ఒంటరిగా ఎవరు వెళ్ళమన్నారండీ?" అని దారిలో ముగ్గురు అడిగారు. అడిగిన ముగ్గురిలో ఇద్దరు మనవాళ్ళే.

పాప 2020 అక్టోబరులో పుట్టింది. పురుడు పోయడానికి అమ్మ రావాలి. భారతదేశానికి మామూలు అంతర్జాతీయ విమానాలు 2020 మార్చి 23 నుంచి ఆగిపోయాయి. అవి మళ్ళీ ఎప్పటిలా తిరగడం 2022 మార్చి 27న మొదలైంది. మధ్యలో నడిచినవి బయట చిక్కుకున్న మనవాళ్ళను తీసుకురావడానికి ప్రభుత్వం నడిపిన వందే భారత్ మిషన్ విమానాలు, జూలై నుంచి ఎయిర్ బబుల్ ఒప్పందాల మీద, అంటే రెండేసి దేశాలు తమలో తాము కుదుర్చుకున్న ఏర్పాటు మీద నడిచినవి. బీపీ, షుగరు ఉన్న అమ్మను వాటిలో ఎక్కించే ధైర్యం మాకు లేకపోయింది. పాపకు స్నానం ఎలా పోయాలో అమ్మ ఫోన్‌లోనే నేర్పింది. ఖమ్మంలో పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, తలగడను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నలుగు ఎలా పెట్టాలో, నీళ్ళు ఎటు నుంచి పోయాలో చూపించింది. టెక్సాస్‌లో నేను బాత్‌టబ్బులో కూర్చుని అలాగే చేశాను. పథ్యం వంటంతా మా ఆయన. వెల్లుల్లి కారం ఇప్పటికీ బాగా చేస్తారు.

2021 ఏప్రిల్ చివర్లో నాన్నకు కరోనా వచ్చింది. రెండో రోజుకి అమ్మకూ వచ్చింది. ఆ రోజులు ఎలాంటివో మీకు చెప్పక్కర్లేదు. బెడ్ కోసం, ఆక్సిజన్ కోసం తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి, వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు పెట్టి, రాత్రంతా మేలుకుని ఉండేవాళ్ళం. మా అన్నయ్య మెల్‌బోర్న్‌లో ఉంటాడు. అప్పుడు ఆస్ట్రేలియా వాళ్ళ పౌరులు దేశం దాటాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి. మే 3 నుంచైతే ఇండియా నుంచి తిరిగొచ్చే సొంత పౌరుల్ని కూడా కొన్నాళ్ళు రానివ్వలేదు. అన్నయ్య కదలలేడు.

మా ఆయన సంగతి. మే 4 నుంచి, అంతకు ముందు 14 రోజుల్లో ఇండియాలో ఉన్న విదేశీయుల్ని అమెరికా రానివ్వలేదు. అమెరికా పౌరులైన చిన్నపిల్లల తల్లిదండ్రులకు మినహాయింపు ఇచ్చారు. పాప అక్కడే పుట్టింది కాబట్టి మాకూ వర్తిస్తుంది. కానీ ఆయన పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయి ఉంది. అమెరికాలోనే ఉంటే దాంతో ఇబ్బంది లేదు, దేశం దాటితే మాత్రం కొత్త స్టాంపు వేయించుకుని గానీ తిరిగి రాలేరు. ఇండియాలోని కాన్సులేట్లలో మామూలు వీసా అపాయింట్‌మెంట్లు సరిగ్గా ఆ మే నెలలోనే ఆగిపోయాయి. ఆయన ఇరుక్కుపోతే ఉద్యోగం పోతుంది. ఆ ఉద్యోగం మీదే నా వీసా కూడా ఉంది. నేను ఇరుక్కుపోతే? ఇల్లు గడుస్తుంది. కాబట్టి నేను. పాప ఇంకా నా పాలు తాగుతోంది కాబట్టి పాప.

ఇదండీ "ఎవరు వెళ్ళమన్నారు" అన్నదానికి సమాధానం. ఆ రెండేళ్ళలో చంటిపిల్లలతో విమానం ఎక్కిన ఆడవాళ్ళు సాహసం కోసం ఎక్కలేదు. మూడు దేశాలు ఎవరి నియమాలు వాళ్ళు రాసుకున్నాయి. అన్నీ కలిపి కూడితే తేలిన లెక్క నేనూ, నా చంకలో పాపా.

బయల్దేరే ముందు 72 గంటల్లోపు చేయించుకున్న ఆర్‌టీపీసీఆర్ రిపోర్టు, ఆన్‌లైన్‌లో స్వీయ ధృవీకరణ పత్రం ఉండాలి. నాకొకటి నింపాను, పాపకొకటి నింపాను. మీకు దగ్గు ఉందా, జ్వరం ఉందా, దిగాక పద్నాలుగు రోజులు మీ ఆరోగ్యాన్ని మీరే గమనించుకుంటానని హామీ ఇస్తున్నారా? ఏడు నెలల పిల్ల తరఫున హామీ ఇచ్చాను. ఆ పూట నవ్విన నవ్వు అదొక్కటే.

చెకిన్ కౌంటర్లో నవ్వు ఆగిపోయింది. బాసినెట్ సీటు కోసం నెల ముందు కాకపోయినా, టికెట్ కొన్న రోజే అడిగాను, ఇస్తామన్నారు. అదేంటో తెలియనివాళ్ళకు చెప్తాను: విమానంలో ఒక్కో భాగానికి ముందు వరుసలో, ఎదురుగా గోడ ఉన్నచోట, ఆ గోడకు తగిలించే చిన్న ఊయలలాంటి తొట్టి. పది పదకొండు కిలోల దాకా మోస్తుంది. కౌంటర్లో అమ్మాయి తెర మీద చూసి, "ఇన్ఫెక్షన్ కారణంగా ఈ ఫ్లయిట్‌లో బాసినెట్లు ఇవ్వడం లేదు" అంది. మరి ఫోన్‌లో ఇస్తామన్నారే? "అప్పటికి ఈ సర్క్యులర్ రాలేదు మేడమ్." తొట్టిని ముట్టుకుంటే ఇన్ఫెక్షన్ అట. సీటుకీ, సీటు ముందు బల్లకీ, బాత్రూమ్ గడియకీ లేనిది తొట్టికి ఎలా వస్తుందని అడిగాను. పాపం ఆ అమ్మాయి ఏం చెప్తుంది? "సారీ మేడమ్, పాపకి మాస్కు ఏదీ?" అంది. రెండేళ్ళలోపు పిల్లలకు మాస్కు పెట్టకూడదని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది, ఆ ఏడాది ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన మాస్కు ఉత్తర్వులో కూడా రెండేళ్ళలోపువాళ్ళకు మినహాయింపు ఉంది. ఫోన్‌లో తీసి చూపించాను. లోపలికెళ్ళి ఎవరినో అడిగి వచ్చి సరేనంది.

సెక్యూరిటీ దగ్గర స్ట్రోలర్, అదే పాపను తోసుకెళ్ళే బండి, మడవాలి. మడవాలంటే రెండు చేతులు కావాలి. పాపను కట్టుకున్న క్యారియర్ విప్పాలి. విప్పాలంటే పాపను ఎక్కడో పెట్టాలి. బూట్లు, ల్యాప్‌టాప్, పాల సీసాలు ట్రేలో పెట్టాలి. కరోనాకు ముందు ఇదే చోట ఎవరో ఒకరు చెయ్యి చాపేవాళ్ళు. యూనిఫామ్‌లో ఉన్నావిడో, వెనకాల నిలబడ్డ ఆంటీయో. ఆ రోజు వెనక ఉన్న మనిషికీ నాకూ మధ్య ఆరడుగుల దూరం గీసిన స్టిక్కర్ ఉంది. పాప కోసం పిండి తీసిన పాలు ఉన్న చల్లటి సంచీని పక్కకు తీసి, సీసాలు ఒక్కొక్కటే పరీక్ష చేశారు. చేయాల్సిందే, కాదనను. పక్క ట్రేలో ఒకాయన లోటాడంత శానిటైజర్ సీసా దర్జాగా వెళ్ళిపోయింది. పిల్లల పాలూ మందులూ లాంటివి తప్ప 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాన్ని చేతి సంచీలో పోనివ్వని చోట, 2020 మార్చి నుంచి శానిటైజర్‌కి మాత్రం 12 ఔన్సుల దాకా, అంటే 350 మిల్లీలీటర్ల పైచిలుకు దాకా అనుమతి ఇచ్చారు. ఇది తప్పు అనడం లేదు. అవసరం వస్తే నియమం రాత్రికి రాత్రి మారుతుందని మాత్రం ఆ సీసాను చూసి తెలుసుకున్నాను.

నా వెనక లైన్లో ఒక పెద్దాయన, తెలుగాయనే. నా అవస్థ చూసి "ఇటివ్వమ్మా పాపని" అని రెండు చేతులూ చాపారు. ఆయన కూతురు కాబోలు, "నాన్నా, వద్దు" అని భుజం పట్టుకుని వెనక్కి లాగింది. నా వైపు చూసి, "సారీ అండీ, నాన్నకి హార్ట్ ప్రాబ్లం" అంది. ఆ అమ్మాయిది తప్పు కాదు. నేనైనా అలాగే లాగేదాన్ని, మా నాన్న అయితే. పాపను స్ట్రోలర్ సీటు గుడ్డ పరిచి నేల మీద పడుకోబెట్టి, నా కాలితో కదలకుండా అడ్డం పెట్టుకుని, మిగతా పని చేసుకున్నాను. జనాలు చూస్తున్నారు. చూడనీ.

విమానంలో పద్నాలుగు గంటల పైన. నా చేతి సంచీ ఏడు కిలోలు, దానికి తల మీద ప్రత్యేకంగా ఒక అర ఉంది. పాప ఎనిమిది కిలోలు, దానికి నా ఒడి. టికెట్‌లో పెద్దవాళ్ళ ధరలో పది శాతం తీసుకుంటారు కదా, పది శాతం మనిషిగానే చూస్తారనుకుంటాను. నిజానికి విమానం తయారుచేసినవాళ్ళకు పాప గుర్తుంది. ఒక వరుసలో సీట్ల కంటే ఒక ఆక్సిజన్ మాస్కు ఎక్కువ పెడతారు, ఒళ్ళో పసిపిల్ల ఉంటే పనికొస్తుందని. అందుకే ఇద్దరు చంటిపిల్లల్ని పక్కపక్కన కూర్చోనివ్వరు. ఇంత ఆలోచన చేసిన చోట, ఆ పిల్ల తల్లి బాత్రూముకి ఎలా వెళ్తుందన్నది ఎవరికీ తట్టలేదు.

నేను ఏం చేశానో చెప్పనా? నీళ్ళు తాగడం మానేశాను. ఎక్కేముందు రెండు గంటల నుంచి తాగలేదు, ఎక్కాక ఆరు గంటలు తాగలేదు. పాలిచ్చే తల్లి నీళ్ళు తాగకపోతే ఏమవుతుందో ఏ నర్సునైనా అడగండి. ఏడో గంటకి తల తిరిగింది. పాప పాలకోసం గింజుకుంటోంది, రావడం లేదు. డబ్బా పాలు కలుపుదామని వేణ్ణీళ్ళు అడిగాను. ప్రయాణికుల సీసాలు, ఫ్లాస్కులు ముట్టుకోవడం లేదన్నారు. పేపర్ కప్పులో ఇమ్మన్నాను. ఇచ్చారు. ఒక చేత్తో పాప, ఒక చేత్తో వేణ్ణీళ్ళ కప్పు. సీసా మూత ఎవరు తీయాలి? పళ్ళతో తీశాను. మాస్కు కిందకి లాగి పళ్ళతో తీశాను కాబట్టి, "మేడమ్, మాస్కు" అని ఒకసారి చెప్పించుకున్నాను.

ఫేస్ షీల్డ్ సంగతి ఇంకో రకం. మాస్కు మీద షీల్డ్ పెట్టుకోమన్నారు. పెట్టుకోగానే పాప నా వైపు చూసి ఏడుపు లంకించుకుంది. దానికి నేను ఎవరో తెలియలేదు. వాసన అమ్మదే, గొంతు అమ్మదే, మొహం మాత్రం లైటు పడి మెరిసే ప్లాస్టిక్కు. పుట్టినప్పటి నుంచి ఇంట్లోనే పెరిగిన పిల్ల అది. మొహాలు లేని మనుషుల్ని అంతమందిని ఒక్కసారే చూడటం దానికి అదే మొదలు. కనీసం ఒక్క మొహమైనా కనిపించాలి కదా అని షీల్డ్ పైకెత్తి, మాస్కు కిందకి దించి, పమిట చాటుకు లాక్కున్నట్టు దుప్పటి కింద దాని మొహం దగ్గర నా మొహం పెట్టి నవ్వేదాన్ని. దొంగతనం చేస్తున్నట్టుగా. అలా పద్నాలుగు గంటల్లో ఎన్నిసార్లు నవ్వానో!

చివరికి బాత్రూముకి పాపను గుండెకు కట్టుకునే వెళ్ళాను. ఇంతకంటే వివరం వద్దులెండి. ఆడవాళ్ళకు అర్థమవుతుంది, మగవాళ్ళు ఇంట్లో అడిగి తెలుసుకోవచ్చు.

విమానం మారడానికి గల్ఫ్‌లో దిగాను. అక్కడ ఐదు గంటలు. స్ట్రోలర్ ఇవ్వలేదు, చివరి మజిలీలోనే ఇస్తామన్నారు. పాలిచ్చే గది తలుపుకి అడ్డంగా పసుపు రంగు టేపు. పిల్లలు ఆడుకునే చోటుకీ టేపే. కుర్చీలు ఒకటి విడిచి ఒకటి కూర్చోవాలని మధ్య కుర్చీలకూ టేపు అంటించారు కాబట్టి, పాపను పడుకోబెట్టడానికి రెండు కుర్చీల మేర జాగా ఎక్కడా లేదు. పెర్ఫ్యూముల దుకాణాలు మాత్రం తెరిచే ఉన్నాయి. ఒక స్తంభం చాటున చున్నీ పరిచి, పాపను పడుకోబెట్టి, పక్కన గోడకు చేరగిలబడి కూర్చున్నాను. తలుపు వేసుకుని ఒక తల్లీ ఒక బిడ్డా మాత్రమే కూర్చునే గది, ఆ మొత్తం విమానాశ్రయంలో అంతకంటే జాగ్రత్తయిన చోటు ఏముంటుంది? దాన్నే ముందు మూసేశారు. ఇది ఎవరు ఆలోచించారో నాకు నిజంగా చూడాలని ఉంది.

రెండో విమానంలో నా పక్క సీటు ఒక కోనసీమ ఆవిడది. గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళి తిరిగొస్తోంది. కాసేపు నన్నూ, పాపనూ చూసింది. లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది. సంచీలోంచి శానిటైజర్ తీసి నా ఎదురుగానే మళ్ళీ రాసుకుంది. "ఇలా ఇచ్చేయండమ్మా పాపని. ఎళ్ళి మొహం కడుక్కుని రండి, నెమ్మదిగా" అంది. నేను తటపటాయించాను. "ఎనిమిదేళ్ళబట్టి ఆళ్ళ పిల్లల్నే పెంచానండి, ముగ్గుర్ని. పడెయ్యనులెండి" అంది.

ఇచ్చాను. నిజం చెప్తున్నాను, ఇచ్చేటప్పుడు భయమేసింది. అప్పటికి పాపను నేనూ, మా ఆయనా, డాక్టరూ, నర్సులూ తప్ప ఎవరూ ఎత్తుకోలేదు. పుట్టి ఏడు నెలలైనా అమ్మమ్మ చెయ్యి తగలని పిల్లను మొదటిసారి ఎత్తుకున్న బయటి మనిషి ఆవిడే. బాత్రూములో అద్దం ముందు నిలబడి నాలుగు నిమిషాలు ఏ పనీ చేయకుండా ఊరికే నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి క్యాబిన్ సిబ్బందిలో ఒకాయన ఆవిడతో ఇంగ్లీషులో చెప్తున్నాడు, పిల్లల్ని ఇతర ప్రయాణికులు ఎత్తుకోకూడదని. ఆవిడకి ఇంగ్లీషు రాదో, రానట్టు కూర్చుందో తెలియదు. తల ఊపుతూ పాపను భుజం మీద వేసుకుని వీపు నిమురుతోంది. పాప నిద్రపోయింది. నిద్రపోయిన పిల్లను లేపమని చెప్పే ధైర్యం ఆయనకూ లేకపోయింది.

ఎంత ఆలోచించినా నాకు ఇందులో అర్థం కానిది ఒక్కటే. క్యాబిన్‌లో గాలి రెండు మూడు నిమిషాలకోసారి మారిపోతుందని, గాలిని వడగట్టే హెపా ఫిల్టర్లు 99.97 శాతం కణాల్ని పట్టేస్తాయని ఆ రోజుల్లో విమాన సంస్థలు గొప్పగా చెప్పుకున్నాయి. అది నమ్మే టికెట్ కొన్నాం. ఆ గాలిలో రెండు వందల మంది కలిసి కూర్చోవచ్చు, భోజనానికి అందరూ ఒకేసారి మాస్కులు తీయొచ్చు. సబ్బుతో కడిగిన రెండు చేతులు నాలుగు నిమిషాలు ఒక పిల్లను ఎత్తుకోవడం మాత్రం ప్రమాదం!

మీరు అనొచ్చు, అప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు, మనిషిని మనిషి ముట్టుకోకుండా చూడటమే పద్ధతి అనుకున్నాం అని. సరే. మరి వీల్‌చెయిర్ల సంగతి?

మన తెలుగువాళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. అమెరికాకి అమ్మనో, అత్తగారినో ఒంటరిగా పంపిస్తే టికెట్‌తో పాటు వీల్‌చెయిర్ పెట్టిస్తాం. పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడిచే ఆవిడకు కూడా. కాళ్ళ కోసం కాదు, తోడు కోసం. ఇంగ్లీషు రాదు, గేటు ఎక్కడో తెలియదు, ఇమిగ్రేషన్‌లో ఏం అడుగుతారోనని టెన్షన్. వీల్‌చెయిర్ నెట్టే మనిషి ఉంటే అన్నీ ఆయనే చూసుకుంటాడు. ఇది మీకూ తెలుసు, చూసీ చూడనట్టు వదిలేస్తారు, సంతోషం. మహమ్మారిలో కూడా ఈ సేవ ఆగలేదు. గ్లౌజులు, మాస్కు, పీపీఈ కిట్టు వేసుకున్న మనుషులు పెద్దవాళ్ళను చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టి, తోసుకుంటూ సెక్యూరిటీ దాటించి, విమానం తలుపు దాకా తీసుకెళ్ళడం నా కళ్ళతో చూశాను. అమెరికాలో 1986 నాటి చట్టం వల్ల, దివ్యాంగులకు విమాన సంస్థలు ఈ సాయం డబ్బు తీసుకోకుండా చేయాలి. అంటే ముట్టుకునే పద్ధతి మీ దగ్గర ఉంది. శిక్షణ ఉన్న మనుషులు ఉన్నారు. టికెట్ కొనేటప్పుడు టిక్కు పెట్టే పెట్టె కూడా ఉంది. చంటిపిల్లతో ఒంటరిగా వచ్చే మనిషికి ఆ పెట్టె లేదు, అంతే తేడా.

నేను అడిగేది ఆ పెట్టె. "చంటిబిడ్డతో ఒంటరిగా ప్రయాణిస్తున్నాను, తోడు కావాలి" అని ఒక గడి. తల్లే కానక్కర్లేదు, తండ్రి కావచ్చు, తాతయ్య కావచ్చు. సెక్యూరిటీ దగ్గర పది నిమిషాలు, విమానం మారే చోట ఒక అరగంట, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. విమానంలో అయితే సిబ్బందిలో ఒకరికి, గ్లౌజులు వేసుకుని, ఐదు నిమిషాలు బిడ్డను ఎత్తుకునే అనుమతి. వాళ్ళకు పని పెంచమని కాదు, ఆ అనుమతి కాగితం మీద ఉంటే వాళ్ళే ఎత్తుకుంటారు. నన్ను "మేడమ్, మాస్కు" అన్న అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. దీనితో పాటు, పాలిచ్చే గది ఆఖరున మూయండి, మొదట కాదు. స్ట్రోలర్ మధ్య మజిలీలో ఇవ్వండి, లేదా అక్కడ వాడుకోవడానికి నాలుగు ఉంచండి. బాసినెట్ ఇవ్వనంటే టికెట్ అమ్మేటప్పుడే చెప్పండి. అప్పుడు ఎలాగో డబ్బులు సర్దుకుని పాపకో సీటు కొనేవాళ్ళం.

ఇదంతా కుదరదని మాత్రం అనకండి. కుదిరిన సందర్భాలు నాకు గుర్తున్నాయి. 2020 మే 7న వందే భారత్ విమానాలు మొదలైనప్పుడు అమెరికాలో ఉద్యోగాలు పోయి తిరిగొచ్చేవాళ్ళలో మా స్నేహితులు కూడా ఉన్నారు. తల్లిదండ్రులు ఇండియా పౌరులు, పిల్లలు అక్కడ పుట్టారు కాబట్టి అమెరికా పౌరులు, చేతిలో ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు. ఆ కార్డుల మీద ప్రయాణం అప్పుడు ఆపేసి ఉంది. అమ్మానాన్న ఎక్కొచ్చు, ఒళ్ళో పిల్ల ఎక్కకూడదు! నవ్వాలో ఏడవాలో తెలియక వాళ్ళు ఫోన్‌లో చెప్తుంటే మేము నమ్మలేదు. గోల గోల అయ్యాక మే 22న కేంద్ర హోం శాఖ ఆ నిబంధన సడలించింది, అలాంటి పిల్లల్ని రానిచ్చింది. పదిహేను రోజులు పట్టింది. మరో రెండు రోజులకి, మే 24న, ఆరోగ్య శాఖ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. బయటి నుంచి వచ్చినవాళ్ళు ఏడు రోజులు డబ్బు కట్టి క్వారంటైన్ కేంద్రంలో ఉండాలి, మరో ఏడు రోజులు ఇంట్లో. గర్భిణులకు, ఇంట్లో చావు జరిగినవాళ్ళకు, పదేళ్ళలోపు పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులకు మాత్రం అన్నీ ఇంట్లోనే గడపొచ్చని అందులో ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం రాసినాయన ఎవరో, ఆవిడో, ఇంట్లో చిన్నపిల్లలు ఉండి ఉంటారు. రాసేటప్పుడు ఒక్కసారి ఆ పిల్లలు గుర్తొచ్చి ఉంటారు. ఎన్ని వేల మందికి హోటల్ గదిలో ఏడు రోజుల నరకం తప్పిందో!

శంషాబాద్‌లో దిగాక గల్ఫ్ మీదుగా వచ్చినవాళ్ళకు అక్కడే మళ్ళీ పరీక్ష. ముక్కులో పుల్ల పెట్టించుకుంటుంటే పాప నా కళ్ళలో నీళ్ళు చూసి నా చెంప మీద కొట్టింది. కోనసీమ ఆవిడ ఇంకో లైన్లో ఉంది, దూరం నుంచి చెయ్యి ఊపింది. పేరు అడగనే లేదు నేను. తెలంగాణలో మే 12 నుంచి లాక్‌డౌన్, పొద్దున 6 నుంచి 10 దాకానే సడలింపు. మా బాబాయి కారు వేసుకుని వచ్చి, దారిలో ఆపిన ప్రతిచోటా నా బోర్డింగ్ పాస్ చూపించి ఖమ్మం చేర్చాడు. నాన్న అప్పటికి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, కింద గదిలో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఉన్నారు. నేనూ పాపా మేడ మీద. సగం భూమి తిరిగి వచ్చిన దాన్ని, ఆఖరి పదిహేను మెట్లు మాత్రం పద్నాలుగు రోజులు వీడియో కాల్‌లోనే దిగాను. నాన్న కోలుకున్నారు. ఇప్పుడు పాపకు సైకిల్ నేర్పుతానని గొడవ.

ఇంకో మాట చెప్పి ముగిస్తాను. ఇప్పుడు మాకు రెండో బిడ్డ పుట్టాడు, బాబు, వాడికి ఐదో నెల. పురిటికి ఈసారి ఖమ్మమే వచ్చాను. వచ్చే నెల తిరుగు ప్రయాణం. మహమ్మారి లేదు, టేపులు లేవు, అయినా ఒంటరిగా ఇద్దరు పిల్లలతో వెళ్ళాలంటే ఆ స్తంభమూ, ఆ చున్నీ గుర్తొచ్చి నిద్ర పట్టడం లేదు. అందుకని అమ్మ తోడొస్తోంది. టికెట్ కొనేటప్పుడు మీ వెబ్‌సైటులో చంటిబిడ్డకు తోడు అడిగే గడి ఎక్కడైనా పెట్టారేమోనని వెతికాను. కనపడలేదు. అమ్మకు వీల్‌చెయిర్ పెట్టించాను. ఆవిడ రోజూ లకారం చెరువు చుట్టూ నడిచి వచ్చాకే కాఫీ తాగుతుంది. "నాకెందుకే కుర్చీ, సిగ్గుచేటు" అంటోంది. నువ్వు ఊరికే కూర్చోమ్మా, బాబును నీ ఒళ్ళో పెడతాను, నెట్టే ఆయన నలుగుర్నీ గేటు దాకా చేరుస్తాడు అని చెప్పాను. పాప ఏమో, నాకూ ఒక కుర్చీ చెప్పమంటోంది.

ఇట్లు,
ఖమ్మం ఆడపడుచు,
2021 మే నెలలో మీ విమానంలో నీళ్ళు తాగని ప్రయాణికురాలు